‘పంపిస్తున్నాం సార్’ అన్న మాటకు రుజువేది?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. మూడు వారాల కిందట మా అక్క కొడుకు పెళ్లికి విశాఖపట్నం వచ్చి, బీచ్ రోడ్డు వైపున్న ఒక పెద్ద హోటల్లో మూడు రాత్రులకు రెండు గదులు తీసుకున్నాం. సముద్రం కనిపించే గదులని రాసి ఉంటే చూసి, బుకింగ్ యాప్‌లో గదికి రోజుకు 6,500 రూపాయలు, పైన 5 శాతం జీఎస్టీ ముందుగానే కట్టాం. అవే తేదీలకు సముద్రం కనిపించని గది 5,200 అని చూపించిన స్క్రీన్‌షాట్ నా ఫోన్లో ఉంది. ఒక గది చెప్పినట్టే ఉంది. డెబ్బై నాలుగేళ్ల మా అమ్మకూ, మా అమ్మాయికీ ఇచ్చిన రెండో గది మాత్రం వెనకవైపు, పక్క బిల్డింగు గోడకు ఎదురుగా ఉంది. మొదటి రాత్రే ఆ గదిలో ఏసీ నుంచి మంచం మీదికి నీళ్లు కారాయి. గదిలోని ఫోన్ నుంచి రిసెప్షన్‌కు నాలుగుసార్లు చెప్తే నాలుగుసార్లూ ‘పంపిస్తున్నాం సార్’ అన్నారు. రాత్రి పదకొండున్నరకు ఒక కుర్రవాడు వచ్చి ప్లాస్టిక్ బకెట్ పెట్టి వెళ్లాడు. రెండో రాత్రి నలుగురం ఒకే గదిలో సర్దుకున్నాం. మూడో రోజు ఏసీ బాగుచేశారు గానీ, ముహూర్తం నాటి తెల్లవారుజామున వేడినీళ్లు రాక అమ్మ చన్నీళ్లే పోసుకుంది. ఖాళీ చేసేటప్పుడు అడిగితే, ‘మూడు రోజులూ ఉన్నారు కదా, ఉన్నాక డబ్బు వెనక్కి ఎలా ఇస్తాం’ అన్నారు మేనేజరు. రెస్టారెంటు బిల్లులో సర్వీస్ చార్జి అని 640 రూపాయలు కూడా వేశారు. ఇంట్లో అందరూ వదిలేయమంటున్నారు. ఇప్పుడు నేను చేయగలిగింది ఏమైనా ఉందా?

సమాధానం: ఉందండీ. మీరు అనుకుంటున్న దానికంటే ఎక్కువే ఉంది. అయితే కొంత త్వరపడాలి. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు ఆ మేనేజరుగారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది అక్కడే నోరు మూసుకుని బిల్లు కట్టి వచ్చేస్తారు. పెళ్లి పెట్టుకుని, పెద్దావిడను వెంటబెట్టుకుని, సామాను దించుకున్న కుటుంబం అర్ధరాత్రి మరో హోటల్ వెతుక్కుంటూ పోలేదు కాబట్టి సేవ బాగానే అందినట్టు లెక్క అనడం న్యాయమూ కాదు, చట్టమూ కాదు. 2020 జులై 20 నుంచి అమల్లో ఉన్న 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, ఒప్పుకున్న సేవ నాణ్యతలో గానీ, తీరులో గానీ, అందించిన పద్ధతిలో గానీ ఉన్న ఏ తప్పునైనా, కొరతనైనా, అరకొరతనాన్నైనా సేవాలోపంగానే చూస్తుంది. గది ఖాళీ చేసి వెళ్లిపోయినవారికే ఆ హక్కు ఉంటుందని అందులో ఎక్కడా లేదు. యాప్ రసీదు మీద ‘డబ్బు తిరిగి ఇవ్వబడదు’ అన్న షరతు ఉంటే దాన్ని కూడా మీకు చూపిస్తారు. ఆ షరతు మీరు ప్రయాణం మానుకున్నప్పుడు వర్తించేది. వాళ్లు చెప్పిన గది ఇవ్వనప్పుడు దాన్ని అడ్డుపెట్టుకోవడం కుదరదు. 1998లో ఢిల్లీలోని ఒక హోటల్లో, తాళాలు సిబ్బందికి అప్పగించిన కారు పోయింది. పార్కింగ్ చీటీ మీద ‘బాధ్యత కారు యజమానిదే’ అని అచ్చేసి ఉన్నా, ఆ అచ్చు మాట తమ నిర్లక్ష్యం నుంచి హోటల్‌ను కాపాడదని 2019 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కారు వేరు, గది వేరు. కానీ కాగితం మీద అచ్చేసుకున్నంత మాత్రాన బాధ్యత తీరిపోదన్న సూత్రం మీకూ పనికొస్తుంది.

నేను విశాఖలోనే పదకొండేళ్లు హోటళ్ల ఫ్రంట్ ఆఫీసులో పనిచేశాను, అందులో నాలుగేళ్లు రాత్రి డ్యూటీ. ఆ కౌంటరు వెనక నిలబడినవాడిగా చెప్తున్నాను: గదిలోని ఫోన్ నుంచి చేసిన ఫిర్యాదుకు మీ చేతిలో ఏ ఆనవాలూ మిగలదు. మీరు నొక్కిన నంబరు మీ సెల్‌ఫోన్లో ఉండదు, ఎత్తినవారి పేరు మీకు తెలియదు, వాళ్లు రాసుకున్నారో లేదో మీరు చూడలేరు. ఎత్తిన కుర్రాడు లేదా అమ్మాయి మెయింటెనెన్స్ వాళ్లకు చెప్తారు. ఆ సమయానికి అక్కడ ఉండేది ఒక ఎలక్ట్రీషియన్, ఒక ప్లంబర్. వాళ్లు ఏడో అంతస్తులో మరో పనిలో ఉంటే మీ మాట వెనక్కి పోతుంది. రెండోసారి మీరు చేసినప్పుడు ఫోన్ మరొకరు ఎత్తుతారు, వారికి మీది మొదటి ఫోనే. ఇందులో కుట్ర ఏమీ లేదు గానీ, నష్టం మాత్రం మీదే.

ఒక రాత్రి జరిగింది చెప్తాను. ఒంటిగంట దాటింది. అరవై దాటిన ఒకాయన లుంగీ మీద, తడిసిన దిండు ఒకటి రెండు చేతుల్లో పట్టుకుని లిఫ్టులోంచి వచ్చి, కౌంటరు మీద ఆ దిండు పెట్టారు. కేకలు వేయలేదు. ‘బాబూ, దీని మీద నువ్వు పడుకుంటావా?’ అని అడిగి, డ్యూటీ మేనేజర్ని పిలవమన్నారు. దిండులోని నీళ్లు కౌంటరు అంచు మీదుగా కింద రిజిస్టరు మీదికి కారాయి. పది నిమిషాల్లో ఆయనకు మరో గది వచ్చింది. అంతకు ముందు ఆయన గది నుంచి మూడు ఫోన్లు వచ్చాయని, ఆ మూడింటిలో ఒకటి నేనే ఎత్తానని మరునాడు రిజిస్టరు చూసుకుంటే తెలిసింది. ఆ రాత్రి మారిందల్లా ఒక్కటే. విషయం నిర్ణయం తీసుకునే అధికారం ఉన్న మనిషి కళ్ల ముందుకు వచ్చింది. రిసెప్షన్‌లో కూర్చునేవారికి ఒక్క రూపాయి తగ్గించే అధికారం ఉండదు. గది మార్చే అధికారం రాత్రిపూట డ్యూటీ మేనేజరుది, అద్దె తగ్గించే అధికారం ఫ్రంట్ ఆఫీసు మేనేజరుది లేదా జనరల్ మేనేజరుది. అందుకే ‘పంపిస్తున్నాం’ అన్న మాట రెండోసారి వినగానే కిందికి దిగి, డ్యూటీ మేనేజరుతో మాట్లాడి, ఆయన లాగ్ బుక్‌లో రాయించి, అదే విషయాన్ని గది నంబరు, సమయం వేసి మీ ఫోన్ నుంచి హోటల్ మెయిల్‌కు రెండు వాక్యాల్లో పంపి ఉంటే, ఇవాళ మీ పని సగం అయిపోయేది.

ఏసీ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే హోటల్ వారు ‘సముద్రపు ఊళ్లో తేమ ఎక్కువ సార్, అందరికీ ఇలాగే ఉంటుంది’ అని జవాబు రాసే అవకాశం ఉంది. తేమ ఎక్కువన్న మాట నిజమే. చల్లని కాయిల్‌ను గాలి తాకినప్పుడు ఆ గాలిలోని తేమ నీరవుతుంది. ఆ నీరు కింద ఉన్న ట్రేలో పడి సన్నని గొట్టం ద్వారా బయటికి పోవాలి. మన ఊళ్లో ఆ నీరు ఎక్కువగా వస్తుంది కాబట్టే ఆ గొట్టాన్ని, ఫిల్టర్లను తరచుగా శుభ్రం చేయాలి. దుమ్ము, పాచి చేరి గొట్టం మూసుకుపోతే ట్రే నిండి, నీళ్లు గోడ మీదుగానో మంచం మీదికో దిగుతాయి. దాన్ని ఊది శుభ్రం చేయడం తెలిసిన మనిషికి అరగంట పని. అలా కాక ఫిల్టరు మూసుకుపోయో, గ్యాస్ తగ్గిపోయో కాయిల్ మీద మంచు పేరుకుని, అది కరిగి కారుతున్నట్టయితే ఆ రాత్రికి బాగయ్యే పని కాదు, గది మార్చాల్సిందే. రెండింటిలో ఏదైనా సరే, బకెట్ దానికి పరిష్కారం కాదు. మొదటి రాత్రి మొదలైనది మూడో రోజు దాకా అలాగే ఉందంటే ఆ నేరం వాతావరణానిది కాదు, పట్టించుకోనివారిది. మీ ఉత్తరంలో ఈ మాట రాయండి. పెళ్లిళ్ల రోజులు, గదులన్నీ నిండిపోయాయి అంటారా? సింహాచలం చందనోత్సవం నాడైనా, డిసెంబరులో అరకు వెళ్లేవారి రద్దీలోనైనా గదులు నిండుతాయి. అలాంటప్పుడు దగ్గరలోని మరో హోటల్లో గది తీసి, కారులో పంపే ఆనవాయితీ పెద్ద హోటళ్లకు ఉంది. గట్టిగా అడిగినవారికే అది దొరుకుతుందన్నది నాకు బాధ కలిగించే విషయం.

సముద్రం కనిపించే గది మాటకు వస్తే, మీ దగ్గరున్న బలమైన ఆధారం ఇదే. విశాఖ తీరం పొడవునా హోటళ్లలో ‘సీ వ్యూ’, ‘పార్షియల్ సీ వ్యూ’, ‘సీ సైడ్’ అని రకరకాల మాటలు వాడతారు. బిల్డింగు సముద్రం వైపు తిరిగి ఉంటే ముందు గదుల నుంచి అలలు కనిపిస్తాయి. పక్క గదుల్లో బాల్కనీ చివర నిలబడి మెడ చాస్తే జానెడు నీలం కనిపిస్తుంది, దాన్నే ‘పార్షియల్’ అంటారు. మీ రసీదు మీద వీటిలో ఏ మాట ఉందో ముందు చూసుకోండి. ‘సీ వ్యూ’ అని ఉండి, ఇచ్చిన గది కిటికీలో పక్క బిల్డింగు గోడ మాత్రమే ఉంటే ఇక వాదనే లేదు. డబ్బు ఒక వస్తువుకు తీసుకుని మరో వస్తువు ఇచ్చారు. వేడినీళ్ల మాట అమ్మగారి వయసు వల్ల మనసుకు ఎక్కువ తగులుతుంది. ముహూర్తాల రోజున తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటలకే అన్ని గదుల్లోనూ ఒక్కసారి స్నానాలు మొదలవుతాయని పెళ్లివారికి గదులిచ్చే ఏ హోటల్‌కైనా తెలిసి ఉండాలి. మనవడి పెళ్లినాడు ఆవిడ చన్నీళ్లతో వణకడానికి విలువ కట్టలేం. దాన్ని లెక్కలో కలపకుండా విడిగా, జరిగింది జరిగినట్టు రాయండి.

ఇప్పుడు లెక్క. చాలామంది మూడు రోజుల డబ్బూ వెనక్కి ఇమ్మని మొదలుపెట్టి, అక్కడే ఓడిపోతారు. మీరు వాడుకున్నదానికి మీరు చెల్లించాలి, అందనిదానికి అడగాలి. నా అంచనాలో, మంచం మూలకు జరుపుకుని, బకెట్ శబ్దం వింటూ గడిపిన మొదటి రాత్రికి సగం అద్దె 3,250, గది అసలు వాడుకోలేకపోయిన రెండో రాత్రికి పూర్తి అద్దె 6,500, ఏసీ బాగైనా సముద్రం కనిపించని మూడో రాత్రికి రెండు గదుల ధరల తేడా 1,300. మొత్తం 11,050 రూపాయలు. దానిమీద మీరు కట్టిన 5 శాతం జీఎస్టీ 552 రూపాయల 50 పైసలు కూడా తిరిగి రావాలి. అంటే 11,602 రూపాయల 50 పైసలు. రాత్రివారీగా ఇలా విడదీసి చూపిన లెక్కను కాదనడం జనరల్ మేనేజరుకు కష్టం, ఎందుకంటే దాన్ని తన యాజమాన్యానికి ఆయన కూడా ఇలాగే చూపించాలి. ‘మాకు చాలా ఇబ్బంది అయింది, తగిన న్యాయం చేయండి’ అని రాసిన ఉత్తరానికి జవాబుగా ‘చింతిస్తున్నాం, మళ్లీ వచ్చినప్పుడు భోజనంలో రాయితీ ఇస్తాం’ అని వస్తుంది. ఆ ఉత్తరాలు నేనే ఎన్నో తయారుచేశాను.

సర్వీస్ చార్జి 640 రూపాయలు దీనికి అదనం, కాని వేరే పేరాలో రాయండి. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో దాన్ని తమంతట తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు సవాలు చేస్తే, 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఆ మార్గదర్శకాలనే సమర్థించింది. ఇష్టమైతే ఇచ్చేదే గాని అడక్కుండా వేసేది కాదు. జీఎస్టీ వేరు, ఇది వేరు. రెండూ పన్నులే అనుకుని కట్టేసేవారు ఎందరో ఉన్నారు.

ఉత్తరం మెయిల్‌లో పంపండి, అదే ప్రతిని స్పీడ్ పోస్టులో హోటల్ జనరల్ మేనేజరు పేరిట కూడా పంపి రసీదు దాచుకోండి. అందులో తేదీలు, గది నంబర్లు, ఎన్ని గంటలకు ఫోన్ చేశారో గుర్తున్నంత వరకు, బకెట్ ఉన్న ఫొటో ఉంటే అది, అడుగుతున్న మొత్తం, జవాబుకు పదిహేను రోజుల గడువు, ఇవన్నీ ఉండాలి. నాలుగు ఫోన్ల విషయం వాళ్ల రిజిస్టరులో ఉండి ఉండవచ్చు కనుక, ఆ మూడు రోజుల ఫిర్యాదుల రిజిస్టరును, మెయింటెనెన్స్ వాళ్ల పని చీటీలను భద్రపరచమని కూడా కోరండి. అవి మీకు వెంటనే ఇస్తారని కాదు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ‘మాకు ఎవరూ ఫిర్యాదు చేయలేదు’ అని చెప్పే ముందు ఆలోచించుకుంటారు. పక్క గదిలో దిగిన మీ బంధువుల్లో ఎవరైనా ఆ బకెట్‌ను చూసి ఉంటే, వారి చేత నాలుగు వాక్యాలు సంతకంతో రాయించుకోండి. రెండో రాత్రి మీరు నలుగురూ ఒకే గదిలో ఉన్నారని ఇంటి గ్రూపులో ఎవరికైనా వాట్సాప్‌లో పెట్టిన మెసేజీ ఉంటే అది కూడా పనికొస్తుంది, ఆ రోజు తేదీ, సమయం దాని మీదే ఉంటాయి.

డబ్బు తీసుకున్నది యాప్ కాబట్టి వాళ్లను వదలకండి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వాళ్లకు ఫిర్యాదుల అధికారి ఉండాలి, మీ ఫిర్యాదు అందినట్టు ఆయన 48 గంటల్లో తెలియజేయాలి, నెల లోపల పరిష్కరించాలి. ‘హోటల్ వారినే అడగండి’ అని వాళ్లు, ‘యాప్ వారినే అడగండి’ అని హోటల్ వారు మిమ్మల్ని బంతిలా తిప్పడం మామూలే. అందుకే ఇద్దరికీ ఒకే మెయిల్, ఒకరిది ఒకరికి కనిపించేలా పంపండి.

పదిహేను రోజులు గడిచినా ఫలితం లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. వాళ్లు తీర్పు ఇవ్వరు, కాని మీ ఫిర్యాదును హోటల్‌కూ యాప్‌కూ పంపి జవాబు అడుగుతారు. చిన్న మొత్తాలు చాలావరకు అక్కడే తేలిపోవడం నేను చూశాను. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. దీనికి మీరు విశాఖ రానక్కర్లేదు. ఫిర్యాదీ నివసించే చోటే కేసు వేసుకునే వీలు కొత్త చట్టంలో ఉంది కాబట్టి మీ జిల్లా కమిషన్లోనే వేయండి. మీరు చెల్లించిన సొమ్ము 5 లక్షల లోపే కాబట్టి కోర్టు ఫీజు ఉండదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు రెండేళ్లు. మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు అడగవలసింది కూడా ఇక్కడే, అమ్మగారి చన్నీళ్ల స్నానం మాట చెప్పవలసింది కూడా ఇక్కడే. మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెప్తున్నా, వాయిదాల వల్ల అంతకంటే ఎక్కువే పడుతుందని ముందే అనుకోండి. కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపుతానంటే ఒప్పుకోండి. పదకొండు, పన్నెండు వేల రూపాయల తగవు అక్కడ తెగినంత త్వరగా మరెక్కడా తెగదు.

ఇంట్లో వదిలేయమంటున్నారన్నారు. వారి మాటను నేను తేలిగ్గా తీసుకోను. పెళ్లి సంతోషం మీద ఈ తగవు నీడ పడకూడదని వారి ఉద్దేశం కావచ్చు. ఒక ఉత్తరానికి, ఒక మెయిల్‌కు ఒక సాయంత్రం చాలు. అంతవరకు చేయండి. కమిషన్‌కు వెళ్లాలా వద్దా అన్నది జవాబు చూశాక, వారితో కూర్చుని మాట్లాడి నిర్ణయించుకోండి. ఒకటి మాత్రం మనవి. ఉత్తరంలో ఆ బకెట్ పెట్టి వెళ్లిన కుర్రవాడి పేరు తెలిసినా రాయకండి. రాత్రి డ్యూటీలో ఆ కుర్రవాడికి చేతనైంది అదే, అతని చేతికి ఎవరూ స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు, గది మార్చే తాళమూ ఇవ్వలేదు. పేరు రాస్తే కోత పడేది అతని జీతం మీద, హోటల్ లెక్కల్లో కాదు.

ఇక మళ్లీ వచ్చినప్పటికి రెండు మాటలు. కౌంటరు దగ్గర మీ వివరాలు రాసే రిజిస్ట్రేషన్ కార్డు మీద సంతకం పెట్టేముందు, సామాను కిందే ఉంచి, ఒకరు పైకి వెళ్లి గది చూసి రావాలి. కిటికీ తెర తీయాలి, ఏసీ పది నిమిషాలు నడిపి దాని కింద గోడ తడిమి చూడాలి, కుళాయి విప్పి వేడినీళ్లు ఎంతసేపటికి వస్తున్నాయో చూడాలి, ఫ్లష్ నొక్కాలి, దుప్పటి అంచు ఎత్తి పరుపు కుట్ల దగ్గర నల్లులు లేవని చూసుకోవాలి. పది, పదిహేను నిమిషాల పని. సంతకం కాకముందు గది మార్చడం వాళ్లకు ఒక తాళం మార్చడమే, మీరు సామాను సర్దుకున్నాక అది హౌస్‌కీపింగ్ వాళ్లకు మరో గది పని, అందుకే అప్పుడు వెనకాడతారు. తెల్లవారుజామున ముహూర్తం ఉంటే ముందు రోజు సాయంత్రమే ఎన్ని గంటలకు వేడినీళ్లు కావాలో రాతలో ఇవ్వండి.

త్వరపడమని మొదట ఎందుకన్నానో చెప్తానన్నాను. వరండాల్లో, లాబీలో ఉండే సీసీ కెమెరా దృశ్యాలు కొన్ని వారాలకే వాటంతట అవే చెరిగిపోతాయి. రెండో రాత్రి అమ్మగారు, అమ్మాయి దిండ్లు పట్టుకుని మీ గదికి నడిచి వచ్చింది ఆ కెమెరాల్లో పడే ఉంటుంది. ఇప్పటికే మూడు వారాలైంది. లెక్క, ఫొటోలు అన్నీ సిద్ధమయ్యే దాకా ఆగకుండా, ఆ అంతస్తు వరండా దృశ్యాలను ఆ మూడు రాత్రులకు భద్రపరచమని కోరుతూ రెండు వాక్యాల మెయిల్ ఇవాళే పంపండి. మిగతా ఉత్తరం ఈ వారంలో రాసుకోవచ్చు.